జానెడు తక్కువ రింగు

పోయిన వారం మనం రూతు టీచర్ని బాస్కెట్‌బాల్ స్తంభం కింద, చేతిలో టేపుతో నిలబెట్టి వచ్చేశాం. పాలకోడు హైస్కూల్లో పగలు లెక్కలు చెప్పి, సాయంత్రాలు ఆడపిల్లల చేత బాస్కెట్‌బాల్ ఆడించే మనిషి ఆవిడ. ఆ రోజు పదో తరగతి పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్ళి, నీడను బట్టి రింగు ఎత్తు కట్టమంది. రింగు పదడుగులుంటుందని అందరికీ తెలుసు కనుక, తెలివైనవాళ్ళంతా లెక్కను వెనక నుంచి ముందుకు కట్టి పదడుగులే తెచ్చారు. జట్టు కెప్టెన్ లోవలక్ష్మి ఒక్కతే నిజంగా కొలిచి జానెడు తక్కువ తెచ్చింది. టీచరు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసింది. కొట్టేసిందే గాని మనసు పీకుతూనే ఉంది. పిల్లలు వెళ్ళిపోయాక వెదురుకర్రకు టేపు కట్టి తనే కొలిచింది. పిల్ల లెక్క సరిగ్గానే ఉంది. జానెడు తగ్గింది రింగే. రెండో వైపు రింగూ అంతే.

తెల్లారేసరికి రూతుకు మండిపోయింది. ముందు తన మీద, తరవాత ఊరి మీద.

గ్రౌండులో ఆ సిమెంటు గచ్చు మీద పాలకోడు ఆడపిల్లలు ఓడిపోగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. బయటి జట్లు వచ్చి బంతి వేస్తే అది రింగు దాటి బోర్డుకు కొట్టుకుని ఎటో పోయేది. వాళ్ళు కాలవ గాలిని తిట్టుకుంటూ బస్సెక్కేవాళ్ళు. అదే మన పిల్లలు ఊరు దాటితే కథ తిరగబడేది. కాకినాడలో ఓడారు, అమలాపురంలో ఓడారు, రాజమండ్రిలో అయితే ఘోరంగా ఓడారు. ప్రతి బంతీ రింగు ముందంచుకు తగిలి కిందపడేది. తిరుగుబస్సులో రూతు ఒకటే మాట అనేది: "ఆట వచ్చు మీకు. ఊరు దాటితే గుండె జారిపోతోంది." పిల్లలు నమ్మారు. తాము పిరికివాళ్ళమనే నమ్మేశారు. ధైర్యం రావాలని లోవలక్ష్మి శనివారాలు ఒంటిపూట భోజనంతో ఉంటోంది. అందరికంటే బాగా బంతి వేసే సాయిదుర్గ తాయెత్తు కట్టించుకుంది. పిల్లల మెడల్లో తాయెత్తులు వేలాడటానికి కారణం ఒక ఇనపస్తంభమని తెలిస్తే ఎవరికైనా ఒళ్ళు మండదా?

ఆవిడ తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. సత్యప్రసాద్ గారు మంచివారు. ఎవరినీ నొప్పించరు, అందువల్ల ఎవరికీ అక్కరకూ రారు.

"మాస్టారూ, మన రింగులు జానెడు కిందికున్నాయండి."

"ఏ రింగులు?"

"గ్రౌండులో రింగులేనండి. రెండూ."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "ఎవరితోనైనా అన్నారా?"

"మీతోనే మొదలండి."

"అయితే నాతోనే ఆఖరు కూడా చేసెయ్యండి టీచర్ గారూ. శనివారం ఆట ఏంటో మీకు తెలియదా?"

తెలియకేం. శనివారం ఇదే గచ్చు మీద రాజమండ్రి జట్టుతో ఫైనల్. ఎప్పటి నుంచో స్కూలు కమిటీకి ఆ గచ్చు మీద కన్నుంది. అక్కడ కల్యాణమండపం కట్టాలని వాళ్ళ ఆశ. కిందటి నెల మీటింగులో రూతు గట్టిగా అడ్డం తిరిగితే, కరస్పాండెంటు పల్లంరాజుగారు నవ్వుతూ ఒక మాట అన్నారు: ఫైనల్ గెలిస్తే గచ్చు ఆడపిల్లలది, ఓడితే పెళ్ళికూతుళ్ళది. అందరూ నవ్వారు, అందరూ సరే అన్నారు. నవ్వుతూ అన్నా ఆయన మాట మాటే. ఆ సంగతి ఊరికి తెలుసు.

"ఆదివారం పొద్దున్నే లేపిద్దాం. నేనే వచ్చి నిచ్చెన పట్టుకుంటాను. సరేనా?" అన్నారు హెడ్మాస్టరు, బతిమాలుతున్నట్టు.

"ఆదివారం దాకా ఆగితే, శనివారం తెలిసి చేసిన మోసం అవుతుంది కదండి. ఇన్నాళ్ళూ అంటే తెలీదు."

"మోసం అంత పెద్దమాట ఎందుకండీ?"

"చిన్నమాట ఉంటే మీరే చెప్పండి, అదే అంటాను."

ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. ఫోన్ అందుకుని పల్లంరాజుగారి ఇంటికి చేశారు.

మధ్యాహ్నం గంట కొట్టేవేళకు తెల్ల మారుతీ కారు గేట్లోంచి వచ్చి గచ్చు పక్కన ఆగింది. పల్లంరాజుగారు దిగారు. ఉతికిన పంచె, నలగని చొక్కా. స్కూలు ఆయన తండ్రి పెట్టించిందే, స్తంభాలు ఆయన వేయించినవే. మా గోదావరి జిల్లాల్లో మనిషికి కోపం పెరిగేకొద్దీ గొంతు తగ్గుతుంది, "అండీ"లు ఎక్కువవుతాయి. ఆ లెక్కన ఆయన ఆ రోజు చాలా కోపంగా ఉన్నారు.

"నమస్కారమండి టీచర్ గారూ. ఏదో కొలిచారటండి."

"కొలిచానండి. ఒక్కసారి ఇలా వచ్చి చూడండి."

రూతు ఆయన్ని స్తంభం దగ్గరకు తీసుకెళ్ళింది. ఈ గచ్చున్న చోటు ఒకప్పుడు మా ఊరి పల్లపు చేను. కాలవ పూడిక తెచ్చి మెరక చేసి, దాని మీద గచ్చు పోశారు. గచ్చు పలక కనుక తేలి నిలబడింది. పాత రైలు పట్టాతో చేసిన స్తంభాలు మాత్రం వానాకాలం వచ్చినప్పుడల్లా ఆ మెత్తటి మట్టిలోకి కాస్త కాస్త దిగుతున్నాయి. దిగినప్పుడు స్తంభం మొదలు దగ్గర గుంట పడుతుంది. పంద్రాగస్టు జెండాకు పెద్దలొస్తారు కనుక, ఆ ముందు రోజు తాపీమేస్త్రి అమ్మిరాజు వచ్చి గుంటలో సిమెంటు వేసి, నున్నగా మెత్తి, స్తంభానికి రంగు కొట్టి వెళ్ళిపోతాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, ఇన్నేళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు.

స్తంభానికి ఒక రేకు పలక బిగించి ఉంది. రూతు దాన్ని చూపించింది. "చదవండి."

"కీర్తిశేషులు సూర్యనారాయణరాజుగారి జ్ఞాపకార్థం" అని చదివారు పల్లంరాజుగారు. తరవాత ఆగారు. వంగి చూశారు. "దీని కింద ఇంకో వరస ఉండాలండి. కుమారుడు పల్లంరాజు అని. నా పేరేదండి?"

"గచ్చు కింద ఉందండి. ఏటా మీరే అమ్మిరాజుని పురమాయించి పూడ్పించారు."

దూరంగా వరండాలో నిలబడి చూస్తున్న హెడ్మాస్టరుకు దగ్గు వచ్చింది. పల్లంరాజుగారు మాత్రం కాసేపు ఆ పలకనే చూస్తూ నిలబడ్డారు. నిజం చెప్పాలంటే ఆయనకు అంతవరకూ ఏమీ తెలియదు. తెలిసిన మరుక్షణం ఏం చెయ్యాలో మాత్రం ఆయనకు బాగా తెలుసు.

"లేపించెయ్యాల్సిందేనండి. మా నాన్నగారి స్తంభం ఇలా కుంగిపోతుంటే ఊరుకుంటానా? రెండూ పీకించి, కింద రాయి వేయించి, మళ్ళీ నిలబెట్టిద్దాం. సోమవారం పని మొదలెట్టిద్దామండి."

"శనివారం ముందండి."

"శనివారం తరవాతండి."

"స్తంభం పీకక్కర్లేదండి. రింగుని బోర్డు మీద జానెడు పైకి జరిపితే చాలు. పూట పని."

"పని సంగతి కాదండి నేననేది." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "మీరు తెలివైనవారు, ఆలోచించండి. ఆ రాజమండ్రి పిల్లలకి తెలీదు. రిఫరీకి తెలీదు. మనకీ నిన్నటిదాకా తెలీదు. ఇప్పుడు లేపితే మా నాన్నగారి పేరు జిల్లా అంతా నవ్వులపాలవుతుంది. ఇంకో మూడు రోజులు తెలీదనుకుంటే కొంప మునగదు కదండి. పిల్లలు గెలుస్తారు. ఊరు సంబరపడుతుంది. గచ్చు మీకే ఉంటుంది. నేను మీ మంచికే చెబుతున్నానండి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రూతుకు ఆ మాటల్లో న్యాయం కనబడింది. గచ్చు పోతే ఈ ఊళ్ళో ఆడపిల్లలు పరిగెత్తడానికి మరో చోటు లేదు. చేల గట్ల మీద పరిగెడితే వింతగా చూస్తారు, రోడ్డు మీద పరిగెడితే ఇంటికొచ్చి చెబుతారు. ఒక్క క్షణం ఆవిడకు సరే అనాలనిపించింది. అదే క్షణంలో సాయిదుర్గ తాయెత్తు కళ్ళ ముందు ఆడింది.

"ఇన్నాళ్ళూ గెలిచింది మా పిల్లలు కాదండి," అంది. "మీ స్తంభం గెలిచింది."

"అయితే శనివారం ఓడేదెవరండి?"

"ఓడితే మా పిల్లలే ఓడతారు. ఆ ఓటమైనా వాళ్ళ సొంతం అవుతుందండి. ఇప్పటిదాకా వాళ్ళకి సొంతమైంది ఏదీ లేదు."

"గచ్చు పోతుందండి."

"పోతే మళ్ళీ అడుగుతాను. ఇవ్వకపోతే మళ్ళీ అడుగుతాను. మీకు విసుగొచ్చేదాకా అడుగుతూనే ఉంటానండి. జానెడు దొంగతనం మీద మాత్రం నిలబెట్టుకోను."

పల్లంరాజుగారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. "రింగు మీద చెయ్యి పడిందంటే మీ మీద నేను పైకి రాయాల్సొస్తుందండి. నాకిష్టం లేని పని చేయించకండి."

"రాయండి. కారణం దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు రాయండి. పదడుగులు ఉండాల్సిన దాన్ని పదడుగులు చేసిందని."

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. వరండా వైపు తిరిగి, నిచ్చెన స్టోర్ రూములో పెట్టి తాళం వేయమని హెడ్మాస్టరుకు చెప్పారు. వెళ్తూ వెళ్తూ బజార్లో కారు ఆపి అమ్మిరాజుతో రెండు ముక్కలు మాట్లాడారు. అమ్మిరాజుకు ఆ సాయంత్రానికే జ్వరం వచ్చింది.

సాయంత్రం ఆఖరి బెల్లు కొట్టాక పిల్లలు బూట్లు తొడుక్కుని గచ్చు మీదికి వచ్చారు. రూతు బంతి ఇవ్వలేదు. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. ఏదీ దాచకుండా చెప్పింది. రింగు సంగతి, పలక సంగతి, పల్లంరాజుగారి మాట, తన మాట, నిచ్చెనకు పడ్డ తాళం, అన్నీ.

ముందుగా లోవలక్ష్మి అడిగింది.

"అయితే నా లెక్క రైటేనాండి?"

"రైటే. తప్పు నాది. లెక్క కొట్టెయ్యడమూ తప్పే. బస్సులో మిమ్మల్ని అన్న మాటలు అంతకంటే పెద్ద తప్పు. మీకు గుండె జారలేదమ్మా. రాజమండ్రిలో రింగు ఉండాల్సిన చోట ఉంది, అంతే."

లోవలక్ష్మి తల దించుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నారు. ఏడవడం లేదు. ఒంటిపూట ఉన్న శనివారాలన్నీ గుర్తు చేసుకుంటోంది, కోపంగా.

"ఇప్పుడు మీరు చెప్పండి," అంది రూతు. "రింగు లేపితే మీ చేతులకి అలవాటైన దూరం మారిపోతుంది. శనివారంలోగా సర్దుకోవడం కష్టం. ఓడిపోవచ్చు. ఓడితే గచ్చు పోతుంది. లేపకపోతే బహుశా గెలుస్తారు. నా ఇష్టం నాకుంది, కానీ ఆడేది మీరు."

"సోమవారం లేపేద్దాం టీచర్. గెలిచేసి లేపేద్దాం," అంది ఒక పిల్ల మెల్లగా. ఇంకో ఇద్దరు తలూపారు. తప్పేం లేదు, పిల్లలకు గెలుపంటే ఇష్టం ఉండదా?

అందరూ సాయిదుర్గ వైపు చూశారు. ఆ పిల్ల పల్లంరాజుగారి మనవరాలు. చిన్నప్పటి నుంచీ తాతగారింట్లోనే పెరిగింది. ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పిన మనిషి లేడు, ఈ పిల్లతో సహా. సాయిదుర్గ చేతిలో ఉన్న గడ్డిపరకను రెండుగా తెంపింది.

"రాజమండ్రిలో మనం వేసినవన్నీ పడిపోతుంటే ఆ జట్టులో ఒకమ్మాయి నవ్వింది. గుర్తుందా?" అంది. "నాకు ఇంటికొచ్చి అన్నం సయించలేదు. వాళ్ళు మన ఊరొచ్చినప్పుడు వాళ్ళవీ పడలేదు. అప్పుడు నేను నవ్వేను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. శనివారం మళ్ళీ నవ్వలేను నేను. లేపేద్దాం టీచర్."

"నిచ్చెన లేదుగా," అన్నారెవరో.

లోవలక్ష్మి అప్పటికే లేచి గేటు వైపు పరిగెత్తింది. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు దింపే మనిషి. ఆ పిల్ల తిరిగొచ్చేసరికి భుజం మీద నాన్న చెట్టెక్కేటప్పుడు కాళ్ళకు వేసుకునే తాడు ఉంది, చేతిలో సుత్తి ఉంది, సంచిలో రెంచీలు, ఇంకో పొడుగు తాడు ఉన్నాయి. చెయ్యితో తిప్పే డ్రిల్లు క్రాఫ్టు గదిలో దొరికింది. దానికి తాళం వేయాలని హెడ్మాస్టరుకు ఎవరూ చెప్పలేదు.

"నాన్న అడగలేదా?" అంది రూతు.

"ఏ చెట్టు అనడిగేడండి. ఇనప చెట్టు అన్నాను. జాగర్త అన్నాడండి."

లోవలక్ష్మి లంగా ఓణీలో లేదు, ఆట నిక్కరులో ఉంది. బూట్లు విప్పేసి, పాదాలకు తాడు తగిలించుకుని, స్తంభాన్ని కావలించుకుని పైకి పాకింది. రోడ్డు మీద సైకిళ్ళు ఆగాయి. పాలకోడులో ఆడపిల్ల కొబ్బరిచెట్టు ఎక్కగా చూసినవాళ్ళే లేరు, అలాంటిది హైస్కూలు స్తంభం. రూతు కింద చేతులు చాపి నిలబడింది. పిల్ల పడితే ఆ చేతులు ఏమాత్రం ఆపగలవో ఆవిడకూ తెలుసు, అయినా చాపే ఉంచింది.

తుప్పుపట్టిన నట్లు ఓ పట్టాన కదల్లేదు. కదిలాక పొడుగు తాడును బోర్డు మీదుగా వేసి, దానికి రింగును కట్టి, కింది నుంచి పిల్లలంతా లాగి పట్టుకున్నారు. టేపు పట్టుకున్న సాయిదుర్గ "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే, లోవలక్ష్మి బోర్డుకు కొత్త కన్నాలు వేసింది. ఒక స్తంభం అయ్యాక రెండోది. అదే పనిగా పైన సుత్తి చప్పుడు వినిపిస్తోంది. అంతసేపు ఏం కొడుతోందో కింద ఎవరికీ అర్థం కాలేదు. ఎండ వాలి, ఊరి చివరి కొబ్బరితోటల మీదికి జారింది. లోవలక్ష్మి దిగింది. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి.

"ఇప్పుడు పదడుగులండి," అంది.

రూతు బంతి ఇచ్చింది. వరసగా అందరూ వేశారు. ఒక్కటీ పడలేదు. ప్రతి బంతీ అచ్చం రాజమండ్రిలో లాగే ముందంచుకు తగిలి కిందికొచ్చింది. రెండో చుట్టు వేశారు. పడలేదు. సోమవారం లేపుదామన్న పిల్ల ముఖం ఎర్రబడింది. గోడవతల సైకిళ్ళ మీద కూర్చున్నవాళ్ళల్లో ఒకడు గట్టిగా నవ్వాడు. ఈ పిల్లలకు నేను మేలు చేశానా, గోతిలో దింపానా అనుకుంది రూతు. అనుకుని, ఆ అనుమానం మీద కూడా కోపం తెచ్చుకుంది.

"చేతులతో విసరకండి," అంది గట్టిగా. "మోకాళ్ళు వంచండి. బలం కాళ్ళల్లోంచి రావాలి. జానెడు కోసం కొత్త ఆటేం అక్కర్లేదు, కాస్త వంగి లేవండి చాలు. సాయిదుర్గా, నువ్వు."

సాయిదుర్గ వేసింది. తప్పింది. మళ్ళీ వేసింది. తప్పింది. మూడోసారి మోకాళ్ళు బాగా వంచి లేచింది. బంతి పైకెళ్ళి, రింగు లోపల ఒకసారి తిరిగి, కిందికి జారింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఊపిరి వదిలారు.

అప్పుడే తెల్లకారు మళ్ళీ వచ్చింది.

పల్లంరాజుగారు దిగి, ముందు రింగును చూశారు, తరవాత మనవరాల్ని చూశారు, చివరికి రూతును చూశారు. సత్యప్రసాద్ గారు కారు వెనక సీటులోంచి దిగారు గాని కారు తలుపు వదల్లేదు.

"ఎన్ని పడ్డాయండి?"

"ఇప్పటికి ఒకటండి," అంది రూతు.

"శనివారం ఆ ఒక్కటీ పడదండి. పిల్లల్ని ఎందుకండి నలుగురిలో చిన్నబుచ్చడం? జరిగిందేదో జరిగింది. నేనేమీ మనసులో పెట్టుకోను. చీకటి పడకముందే దింపించెయ్యండి."

"ఇక దిగదండి," అంది లోవలక్ష్మి.

ఆయన ఆ పిల్ల వైపు తిరిగారు. ఆయన ముందు నిలబడి ఆ పిల్ల ఎప్పుడూ నోరెత్తలేదు. వాళ్ళ నాన్న ఆయన తోటల్లోనే కాయలు దింపుతాడు.

"బోల్టుల కొసలు సుత్తితో చదును కొట్టేశానండి. నట్టు తిరగదు. దింపాలంటే రింగు కోసెయ్యాలండి."

ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు. రూతుకే తెలియదు. ఆవిడ లోవలక్ష్మి గీరుకుపోయిన చేతుల్ని చూసింది.

పల్లంరాజుగారు చాలా మెల్లగా అన్నారు. "సరేనండి. మీ ఇష్టం మీరు చేసుకున్నారు. నా ఇంటి పిల్ల విషయంలో నా ఇష్టం నాది. సాయిదుర్గ శనివారం ఆడదు. నువ్వు కారెక్కమ్మా."

గచ్చు మీద గాలి ఆడటం లేదు. సాయిదుర్గ లేకపోతే జట్టు లేదు. ఇందాక పడ్డ ఆ ఒక్క బంతీ ఆ పిల్లదే. ఆ పిల్ల విలువ ఆయనకు తెలుసు, తెలిసే అన్నారు.

సాయిదుర్గ బంతి కింద పెట్టింది. తాతగారి వైపు నడిచింది. ఆయనకు బారెడు దూరంలో ఆగిపోయింది.

"తాతయ్యా, మీరు ఇంటికెళ్ళి భోంచెయ్యండి. నాకోసం చూడకండి. శనివారం ఆట అయ్యేదాకా నేను టీచర్ గారింట్లో ఉంటాను."

సత్యప్రసాద్ గారి చేతిలోంచి కారు తలుపు జారి దానంతట అదే మూసుకుంది. పల్లంరాజుగారింటి ఆడపిల్లలు చుట్టాలింట్లో కూడా రాత్రి నిద్ర చెయ్యరు. రూతు ఇల్లేమో కాలవ అవతల పేటలో, లూథరన్ చర్చి వెనక ఉంది. ఆ ఇంటి మనుషులు ఎన్ని తరాలుగానో పల్లంరాజుగారి చేలల్లో నాట్లు వేశారు, ఆయన వాకిట్లో నిలబడి మాట్లాడి వచ్చారు. ఆయన ఇంటి మనిషి ఎవరూ ఇప్పటిదాకా వాళ్ళ గుమ్మం తొక్కలేదు. ఊళ్ళో కలిసి చదువుకుంటారు, కలిసి ఆడతారు, అన్నం దగ్గరికొచ్చేసరికి ఎవరి వీధి వాళ్ళది. ఈ సంగతి సాయిదుర్గకు తెలియక అనలేదు.

రూతుకు భయం వేసింది. పొద్దుటి నుంచీ మొదటిసారి, నిజంగా భయం వేసింది. ఇంతసేపూ గొడవ రింగు గురించి. ఇప్పుడిది పేట గురించి. ఆ వీధిలో బతికే వాళ్ళందరి మీదా పడే గొడవ ఇది.

"టీచర్ గారూ," అన్నారు పల్లంరాజుగారు. ఆయన మనవరాలి వైపు చూడలేదు. "చిన్నపిల్ల, దానికి తెలీదు. మీరు పెద్దవారు, మీరు చెప్పండి. మా పిల్లని మీ ఇంటికి తీసుకెళ్తారా?"

కాదు అంటే అక్కడితో అయిపోతుంది. పిల్ల ఇంటికెళ్తుంది, పేట ప్రశాంతంగా నిద్రపోతుంది. ఆయన అడిగిన తీరులోనే ఆ జవాబు ఉంది, అందుకుంటే చాలు. రూతు సాయిదుర్గ ముఖం చూసింది. ఆ పిల్ల తాతగారి వైపు చూడటం లేదు, టీచరు నోటి వైపు చూస్తోంది. ఊరు దాటితే గుండె జారిపోతుందని ఇదే పిల్లతో ఇదే నోటితో అంది తను.

"నేను తీసుకెళ్ళడం ఏంటండి," అంది. "తనే వస్తానంటోంది. నా గుమ్మంలోకి వచ్చిన పిల్లని నేను పొమ్మనను. మా అత్తగారు రాత్రికి చేపల పులుసు పెడుతున్నారండి. తింటుందో లేదో తననే అడగండి."

"తింటానండి," అంది సాయిదుర్గ.

పుస్తకాల సంచి తీసుకుంది. లోవలక్ష్మి పక్కనే నడిచింది. మిగతా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆ సోమవారం పిల్లతో సహా, వెనకాలే కదిలారు. గోడవతల సైకిళ్ళవాళ్ళు దారి ఇచ్చారు. ఎవరూ నవ్వలేదు.

వాళ్ళు గేటు దాటుతుండగా వెనక కారు స్టార్టయింది. రూతు పక్కకు తప్పుకుని, పిల్లల్నీ తప్పించింది. పల్లంరాజుగారి ఇల్లు కుడివైపు. కారు వాళ్ళను దాటుకుంటూ వెళ్ళింది. లోపల ఆయన ఎటూ చూడకుండా నిటారుగా కూర్చుని ఉన్నారు. మలుపు దగ్గర కారు కుడివైపు తిరగలేదు.

ఎడమకు తిరిగి కాలవ వంతెన ఎక్కింది. వంతెన అవతల పేట తప్ప మరేమీ లేదు. ఇంట్లో రూతు అత్తగారు ఒక్కతే ఉంది.